గడ్డి అని చదివిన బండి

విశాఖ కార్తె, మొదటి రోజు

పొద్దున బండికి తెల్లపలక చూపించాను, సరిగ్గా చదివింది. తర్వాత తారు ముక్క, తడి గోనెసంచి, కంకర, నూనె మరక పడిన సిమెంటు దిమ్మె. అన్నీ సరిగ్గానే చదివింది. ముక్కు మీది అద్దం తుడిచాను. సంస్థవాళ్లు ఈ దినచర్యలో రాయమనేది ఇంతే. మిగతాది నా కోసం రాస్తున్నాను. పరీక్ష బండి దినచర్యను పైవాళ్లెవరూ చదవరు. చదివినా నాకేం భయం లేదు.

నల్లబాట మీద తిరిగే లారీల చూపు సరిగ్గా ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. మనుషులు బండ్లు నడపడం మా జేజి కాలంలోనే ఆగిపోయింది. ఈ లారీలకు డ్రైవరుండడు, ముందు దీపాలుండవు. మా కొండ్రపల్లెలో వీటిని గుడ్డిబండ్లంటారు. నిజానికి దీపం ఉంది, దాని వెలుగు మన కంటికి ఆనదు, అంతే. బండి ముక్కులోంచి ఆ వెలుగు రోడ్డు మీద పడుతుంది. ఎదుట ఏముంటే అది ఆ వెలుగులో కొంత మింగి, మిగతాది తిప్పి పంపుతుంది. నీళ్లు మింగే తీరు వేరు, తారు మింగే తీరు వేరు, మనిషి చర్మం మింగే తీరు వేరు. తిరిగొచ్చిన వెలుగును చూసి ఎదుట ఉన్నదేమిటో బండి చెప్పేస్తుంది. ఇంత తెలివైన బండి పోయిన ఏడు మూల కార్తెలో మా అక్క ఓబుళమ్మను చూసి గడ్డి అని చదివింది. చదివి, మీదుగా వెళ్లిపోయింది.

బండిని నేనేమీ అనను. అక్కను చంపింది విరూపాక్ష. దారికన్ను సంస్థకు ఆయనే పెద్ద. ఆయన ముద్ర లేనిదే నల్లబాట మీద ఒక్క లారీ కదలదు. విచారణలో ఆయన నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, "రోడ్డు మీద మనిషి లేదు. గడ్డి ఉంది. ఆమె చివరి క్షణంలో అడ్డం వచ్చింది" అన్నాడు. రికార్డులో ఇప్పటికీ ఆ రోజు గడిలో గడ్డి అనే ఉంది. మనిషి చచ్చిపోతే ఏడ్చి ఊరుకోవచ్చేమో. గడ్డి అనిపించుకుంటే ఎట్లా ఊరుకుంటాను?

ఆ మనిషి మీద పగ తీర్చుకోవాలి. ఈ మాట ఇంత సూటిగా రాసుకుంటే కడుపులో కాస్త చల్లగా ఉంది.

విశాఖ కార్తె, ఎండ ఎక్కువ

ఉలవ చేలు పండుముఖం పడుతున్నాయి. రెండు కార్తెలు గడిస్తే ఊరంతా కట్టె, అంటే కాయలతో ఎండిన ఉలవ మొక్కలు, కోసుకొచ్చి నల్లబాట మీద పరుస్తుంది. లారీ చక్రాలు తొక్కుకుంటూ పోతే కాయ చిట్లి గింజ రాలుతుంది. ఆడవాళ్లు పక్కనే కూర్చుని గింజ ఊడుస్తూ, కట్టె తిరగేస్తూ, చాటతో తూర్పార పడుతూ ఉంటారు. మా తాతల నాడు డ్రైవర్లు తిట్టుకుంటూ తొక్కేవాళ్లట. గుడ్డిబండ్లు మొన్నమొన్నటి దాకా ప్రతి కుప్ప దగ్గరా ఆగిపోయేవి. వెనక బండ్లు వరసకట్టేవి, గింజ మాత్రం రాలేది కాదు. అప్పుడు మా ఊళ్లవాళ్లే సంస్థ గుమ్మం ముందు కూర్చుని, గడ్డి కనబడితే ఆగకుండా నెమ్మదిగా తొక్కుకుంటూ పొమ్మని బండికి నేర్పించమన్నారు. విరూపాక్ష నేర్పించాడు. ఆ రోజు ఆయన్ను పూలదండలతో ఊరేగించారు. అక్క కూడా దండ వేసింది.

అడిగింది మేమే, కాదనను. కానీ గడ్డికీ మనిషికీ తేడా తెలుసా అని బండిని అడగాల్సింది ఆయన.

ఇవాళ కుళ్లాయప్ప బావ దగ్గరికెళ్లి అక్క కోతబట్టలు అడిగాను. బావ చేనేత మనిషి, అక్కకు బట్టంతా ఆయనే నేసేవాడు. ఉలవ నుసి ఒంటికి తగిలితే దురద ప్రాణం తీస్తుంది. అందుకని మా ఆడవాళ్లు నూర్పిడప్పుడు పాత నూలు చొక్కా పొడుగు చేతులది తొడుక్కుని, తలకూ మొహానికీ తువ్వాలు చుట్టి, చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుంటారు. కళ్లు తప్ప ఇంకేమీ కనబడదు. అక్క వేసుకున్నవి పోలీసుల దగ్గరే పోయాయి. రెండో జత పెట్టెలో ఉంది. బావ తీసిచ్చాడు, ఎందుకని అడగలేదు.

బండి ముందు నా చెయ్యి చాపాను. బోర్డు మీద "మనిషి. ఆగు" అని పడింది. అక్క తొడుగు వేసుకుని అదే చెయ్యి చాపాను. "గడ్డి. వెళ్లవచ్చు."

తీశాను, వేశాను, మళ్లీ తీశాను. నా పాలిస్టర్ చీర కొంగు చుట్టి చాపితే మళ్లీ మనిషే. నూలు చుడితే గడ్డే. దూది కూడా మొక్క నుంచి వచ్చిందే కదా. ఎండిన కట్టె ఏ వెలుగు మింగుతుందో నూలుగుడ్డ కూడా అదే మింగుతుంది. గడ్డి అని తేలాక దాని ఆకారం ఏమిటని బండి అడగదు. పరిచిన కట్టె, కుప్ప, నిలబెట్టిన మోపు, దానికి అన్నీ ఒకటే. ఆ రోజు అక్క రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని గింజ ఊడుస్తోంది. చల్లటి పొద్దు, చెమట కూడా లేదు. దీపానికి చర్మం ఎక్కడా దొరకలేదు.

ఆ తొడుగు చేతికి ఉండగానే ఏడ్చాను. తర్వాత పళ్లు కొరుక్కుంటూ పరీక్ష ఫలితమంతా రాసి పంపించాను.

అనూరాధ కార్తె

విరూపాక్ష పిలిపించాడు. ఆయన గదిలో పొరుగు జిల్లాల పెద్దలిద్దరు కాఫీ తాగుతున్నారు. ఆయన నా కాగితాన్ని వేలి కొసతో పక్కకు జరిపాడు.

"చౌడేశ్వరి గారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ ఇది బాధతో చేసిన పరీక్ష. నిజం మనిషికి ఒంట్లో వేడి ఉంటుంది. మన దీపం ఆ వేడిని పసిగడుతుంది."

నాకు నవ్వొచ్చింది. ఈ దీపానికీ ఒంటి వేడికీ సంబంధమే లేదు. ఇది తన వెలుగు తానే విసిరి, తిరిగొచ్చిందే చదువుకుంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కాఫీ తాగుతున్నవాళ్లకు తెలియదు.

"అయితే గడ్డి కనబడితే ఆగమని బండికి చెప్పరా సార్?"

"చెబితే నూర్పిడి కార్తెల్లో నల్లబాట మొత్తం ఆగిపోతుంది. మీ ఊరివాళ్లే నన్ను కొట్టడానికొస్తారు."

ఆ మాట నిజమే. నిజం చెప్పేటప్పుడు కూడా ఆ గొంతు వింటే ఒళ్లు మండుతుంది.

"ఈ ఏడు ఎదురునిల్పు కొండ్రపల్లె దగ్గరే కదా సార్," అన్నాను.

బండ్లకు ముద్ర వేసేవాడు ప్రతి ఏటా నూర్పిడికి ముందు ఒకసారి లారీకి ఎదురు నిలబడాలి. లారీ తానుగా ఆగాలి. నిలబడ్డవాడు అది ఆగకముందే పక్కకు తప్పుకుంటే ఆయన ముద్రకు విలువ లేదు. ఆ ముద్ర ఉన్న బండ్లన్నీ నిలిచిపోతాయి. ఆయన ఏ ఊళ్లో నిలబడితే ఆ ఊరు బట్టలు పెట్టాలి, ఆయన అవి కట్టుకునే నిలబడాలి. మనుషులు బండి తోలడం మానినప్పటి నుంచీ వస్తున్న ఆనవాయితీ ఇది. ఇన్నేళ్లూ ఆయనకు ఏదో ఒక ఊరు పట్టుబట్టలు పెట్టింది. మొహం, చేతులు బయటపెట్టుకుని, పెళ్లికొడుకులా నవ్వుతూ నిలబడేవాడు.

"మాది నేతగాళ్ల ఊరు సార్. నూలు కోతబట్టలు పెడతాం. మొహానికి తువ్వాలుతో సహా. కట్టుకుంటారా?"

కాఫీ కప్పులు ఆగాయి. వాళ్ల ముందు ఆయన వెనక్కి తగ్గలేడు.

"మీ ఊరు ఏది పెడితే అది కట్టుకుంటాను," అన్నాడు.

బస్సులో ఇంటికొస్తుంటే పక్కావిడ నన్ను చూసి, "ఏమ్మా, మంచి వార్తా?" అని అడిగింది. అంతగా నవ్వుతున్నానట.

జ్యేష్ఠ కార్తె

బావ నేస్తున్నాడు. మగ్గం చప్పుడు వీధి మొదట్లోకే వినిపిస్తోంది. అక్క పోయాక ఇంత జోరుగా ఆయన నేయడం ఇదే మొదలు.

"గట్టి నూలు పెట్టినా," అన్నాడు తల ఎత్తకుండానే. "ఒక్క పోగు కూడా కల్తీ లేదు. మీ అక్కకు నేసిందాని కంటే బాగుంటాది."

"బావా, ఆ రోజు బండిలో కూర్చునేది నేనే."

పరీక్ష బండిలో మాత్రం మనిషి కూర్చోవడానికి చోటుంది, ఆపడానికి చేతిపిడి ఉంది. ఎదురునిల్పు రోజు బండి ఆగకపోతే పిడి లాగి ఆపడం నా బాధ్యత.

బావ మగ్గం ఆపాడు. "తెలుసు."

"పిడి మీద చెయ్యి పెట్టకపోతే?"

"పెట్టొద్దు," అన్నాడు. పోగులు సరిచేసుకుంటూ, "నేను చెప్పినానని కాదు చౌడీ. నీకు పెట్టబుద్ధయితే పెట్టు. నన్నడిగితే మాత్రం పెట్టొద్దంటా. వాడు నా పెండ్లాన్ని గడ్డి అన్యాడు. ఇంగ నన్నేం అడుగుతావు?" అన్నాడు.

ఎవరైనా వద్దంటారేమో, నచ్చజెబుతారేమో అని నాకు లోపల ఎక్కడో భయంగా ఉండేది. ఆ భయం పోయింది. ఇద్దరం కలిసి భోజనం చేశాం, రాగిసంగటి, ఉలవచారు. ఉలవచారు నోట్లో పెట్టుకోవడం కూడా ఏడాది తర్వాత ఇదే.

జ్యేష్ఠ కార్తె, ఆఖరు

రామక్క దారి కాసి పట్టుకుంది. అక్కతో కలిసి నూర్పిడికి వెళ్లే మనిషి. అక్క ఒంటిని రోడ్డు మీంచి ఎత్తిన చేతుల్లో ఒక జత ఈమెవి.

"ఏమ్మే, బండ్లన్నీ ఆపిస్తావంట కదా?"

"ఎవరన్నారు?"

"ఊరంతా అనుకుంటాంది. కట్టె నువ్వొచ్చి కొడతావా? ముసలిదాన్ని, నా రెక్కలు పడిపోతాండాయి. బండి తొక్కితే పొద్దుగూకేసరికి గింజ ఇంటికొస్తాది."

"బండి నిన్ను కూడా తొక్కుతుంది రామక్కా."

"నేను చూసుకుని కూచుంటా."

"అక్క చూసుకోకుండా కూర్చుందా?"

రామక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తిట్టడం ఆపలేదు. తిడుతూనే చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె మెడ నుంచి మణికట్టు దాకా నూలే. నా కంటికి రామక్క కనబడుతోంది. పోతున్న లారీకి మాత్రం ఒక కట్టె మోపు నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఈ ఏడు అదృష్టం బాగాలేనిది ఎవరికో తెలియదు. ఆమెకే కావచ్చు.

మూల కార్తె, ఎదురునిల్పు రోజు

తెల్లపలక చూపించాను. అద్దం తుడిచాను. నేను చేసిన తేడా ఒక్కటే: ఎదురునిల్పు రోజు లోపలికీ బయటి జనానికీ కనబడే బోర్డు మీద మామూలుగా ఆగు, వెళ్లవచ్చు అని మాత్రమే పడుతుంది. ఇవాళ బండి చదివిందంతా పెద్ద అక్షరాలతో పడేలా పెట్టాను. పరీక్ష బండికి అలా పెట్టుకోవచ్చు, అది నియమాల్లోనే ఉంది.

రోడ్డు మీద కట్టె పరిచారు. రెండు పక్కలా జనం. నిన్న సాయంత్రమే బావ బట్టలు పళ్లెంలో పెట్టి విరూపాక్ష బసకు పంపించాడు. ఆయన అవి కట్టుకుని వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, పంచె, తొడుగులు, మొహానికి తువ్వాలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కట్టె మధ్యలో నిలబడి జనానికి దండం పెట్టాడు.

బండి కదిలింది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. దాచేదేముంది, ఆయన చావాలనే కోరుకున్నాను.  బండి కట్టె మొదలు దగ్గరికి వచ్చి, ఆయనకు చాలా దూరంలోనే, మెల్లగా, బుద్ధిగా ఆగిపోయింది.

జనం ఈలలు వేశారు.  తల ఎత్తి బోర్డు చూశాను.

"పాలిస్టర్ బట్ట. మనిషి. ఆగు."

నాకంటే ముందే బావ చదివాడు. జనాన్ని తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. నెమ్మదస్తుడు బావ, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పాలిస్టరా? నా మగ్గం మీద పాలిస్టర్ నేసినానా నేను?"

విరూపాక్ష ఏదో అనబోయాడు. బావ ఆయన చొక్కా అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు. "ఇది నాది కాదు. అంచు మాదిరే ఉండాది, నాది కాదు. ఎవురు కుట్టిచ్చినారు సామీ దీన్ని? ఊరు పెట్టిన బట్ట యాడ పారేసినావు?"

అక్కడున్నది నేతగాళ్ల ఊరు. అక్క చావు మీద రెండు మనసులతో ఉన్నవాళ్లు కూడా ఈ మాటకు ఒక్కటయ్యారు. ఊరు పెట్టిన బట్ట కట్టుకోకుండా ఎదురు నిలబడ్డాడు, పైగా ఊరి నేత పేరు మీద పాలిస్టర్ చూపించాడు. ముసలివాళ్లు చేతికర్రలు ఎత్తారు. నాకు మాత్రం ఇంకో సంగతి బోధపడింది. నూలైతే బండి ఆగదని ఆయనకు తెలుసు. అక్కను గడ్డి అన్న రోజు కూడా తెలుసు. తెలిసే అన్నాడు.

మనిషిని పరుగెత్తించి బసలోంచి అసలు బట్టలు తెప్పించారు. జనం మధ్యే మార్చుకోమన్నారు. తువ్వాలు మాత్రం రామక్క చుట్టింది. "మేము ఎట్ల కట్టుకుంటామో అట్లే కట్టాల," అంటూ ముక్కు మీదుగా లాగి, చెవుల వెనక బిగించింది. నన్ను దారి కాసి తిట్టిన రామక్కే.

విరూపాక్ష బండి దగ్గరికొచ్చి, కిటికీలోకి తల పెట్టాడు. తువ్వాలు చాటు నుంచి గొంతు అణిగి వచ్చింది.

"పిడి మీద చెయ్యి పెట్టుకోమ్మా."

"నా చెయ్యి ఎందుకు సార్? దీపం మీ ఒంటి వేడి పసిగడుతుంది కదా."

ఆ కళ్లను చూశాను. ఏడాదిగా నేను చూడాలనుకున్నది అందులో ఉంది. ఇంకో ఏడాది ఆగమన్నా ఆగేదాన్ని, ఆ చూపు కోసం.

వెళ్లి నిలబడ్డాడు. అప్పుడే ముద్ర వదులుకుంటానని చెప్పి పక్కకు రావచ్చు. రాలేదు. ఇంత జరిగాక కూడా నేను పిడి లాగుతానని నమ్మాడనుకుంటాను. నాలాంటివాళ్లు ఎంత ఏడ్చినా ఉద్యోగం సరిగ్గా చేస్తారని ఆయన లెక్క.

బండి కదిలింది. బోర్డు మీద అక్షరాలు పడ్డాయి.

"గడ్డి. వెళ్లవచ్చు."

గడ్డికి తగ్గించాల్సినంత వేగం తగ్గించింది. కట్టె మీదికి ఎక్కింది. చక్రాల కింద కాయలు చిటపటమని పగులుతున్నాయి. ఆయన "ఆపు" అన్నాడు. "ఆపు! మనిషి! మనిషిని!" అన్నాడు. జనం అరవడం మానేశారు. నా కుడిచెయ్యి ఒళ్లో ఉంది, ఎడమచెయ్యి దాని మీద ఉంది. లేవలేదు.

ఆయన పక్కకు దూకాడు. కట్టెలో దొర్లి, మోకాళ్ల మీద పాకుతూ అంచు దాకా పోయాడు. బండి ఆయన నిలబడ్డ చోటు మీదుగా నింపాదిగా పోయి, గింజంతా రాల్చి, కట్టె చివర నేను పిడి లాగితే ఆగింది.

ఆయన దూకగలిగాడు. ఎదురుగా వస్తున్నది ఆయనకు కనబడింది. మా అక్క వీపు పెట్టి కూర్చుని ఉంది.

మూల కార్తె, ఆఖరు

ఆయన ముద్ర ఉన్న లారీలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నల్లబాట మీద ఇప్పుడు పిల్లలు గోలీలాడుతున్నారు. కొత్తగా వచ్చిన పెద్ద మొదటి ఉత్తర్వు గడ్డి కనబడితే ఆగమని. ఊరంతా కర్రలు పట్టుకుని కట్టె కొడుతోంది. నేనూ సెలవు పెట్టి కొడుతున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. రామక్క నా పక్కనే కూర్చుని దెబ్బకొక తిట్టు తిడుతోంది, మధ్యలో తన మజ్జిగ చెంబు నా వైపు తోస్తోంది.

రికార్డు దిద్దే అధికారం పరీక్షకులకు ఇచ్చారు. పోయిన ఏటి మూల కార్తె గడి తెరిచాను. రోడ్డు మీద ఏమున్నది అన్న చోట గడ్డి కొట్టేసి, "మనిషి. కొండ్రపల్లె ఓబుళమ్మ, కుళ్లాయప్ప భార్య" అని రాశాను. బావ పక్కన నిలబడి చదువుకున్నాడు. చదివి, మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజంతా చప్పుడు వినబడలేదు.

ఇవాళ విరూపాక్ష వచ్చాడు. మోకాలికి కట్టు ఉంది. నిలబడే మాట్లాడాడు, నేను కూర్చోమనలేదు.

"ఎదురునిల్పు రోజు గడిలో ఇంకా గడ్డి అనే ఉందమ్మా. నేను నిలబడ్డానని అందరూ చూశారు. మీ అక్కగారిది దిద్దావు. నాది కూడా దిద్దు. రేపు ఎవరైనా చదివితే..."

"రోడ్డు మీద మనిషి లేడు సార్," అన్నాను. "గడ్డి ఉంది."

 ఆయన కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

బండికి తెల్లపలక చూపించాను, సరిగ్గా చదివింది. ముక్కు మీది అద్దానికి ఉలవ నుసి పట్టింది, తుడిచాను. ఆయన గడి దిద్దలేదు.